కాన్పు గది గుమ్మం దాకానేనా తోడు?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మన రాష్ట్రంలో సిజేరియన్ కాన్పులు ఎక్కువైపోయాయని పత్రికల్లో తరచూ వార్తలు, వ్యాఖ్యలు వస్తున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 63 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6 శాతం. దేశం మొత్తం మీద చూస్తే 21.5 శాతమే. ఈ లెక్కలు చూసినవాళ్లు డబ్బు కోసం కోత పెట్టే డాక్టర్లనో, ముహూర్తం పెట్టించుకుని మరీ బిడ్డను తీయించుకునే కుటుంబాలనో తప్పుపడుతున్నారు. అందులో నిజం లేదని నేను అనను. కానీ నొప్పులు పడుతున్న మనిషిని ఆ గదిలో ఎలా ఉంచుతున్నారు, ఆమె పక్కన ఎవరుంటున్నారు అన్న మాట మాత్రం ఈ చర్చలో ఎక్కడా వినపడదు. ఇద్దరు పిల్లల్నీ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే కన్న తల్లిగా ఆ ఒక్క విషయం గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పుట్టిల్లు పి.గన్నవరం మండలంలో గోదావరి పాయల నడుమ ఉన్న ఒక లంక గ్రామం. తొలికాన్పు పుట్టింటివాళ్లే చేయాలన్న ఆనవాయితీ ప్రకారం 2022లో తొమ్మిదో నెల రాగానే మా అమ్మానాన్నలు నన్ను తీసుకొచ్చారు. పెద్ద వరద ఎప్పుడొచ్చినా శ్రావణంలోనే వస్తుందని, ఈలోగా పురుడు అయిపోతుందని మా నాన్నగారి లెక్క. ఆ ఏడాది ఏరు ఆషాఢంలోనే పొంగింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాకా వెళ్లి, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయిన జూలై నెల అది. ఆ హెచ్చరిక ఇంకా రాకముందే, తెల్లవారితే నన్ను ఏటిగట్టు దాటించి బంధువుల ఇంట్లో దించుదామని మావాళ్లు సంచి సర్దిపెట్టిన రాత్రే నాకు ఉమ్మనీరు పోయింది.

అప్పటినుంచి వెలుగు వచ్చేదాకా మా ఇంట్లో దీపం ఆరలేదు, పొయ్యి ఆరలేదు. ఫోను చేసిన పావుగంటకల్లా ఆశా కార్యకర్త మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చి, నీరు ఏ రంగులో ఉందో చూసి, బిడ్డ కదులుతోందా అని పదేపదే అడిగి, 108కి కబురు చేసింది. తెల్లవారుజామున నలుగురు మగవాళ్లు నవారు మంచం మీద నన్ను రేవు దాకా మోశారు. పడవ నడిపే ఆయన ఆ రోజు పొద్దున్న ఇంకెవరినీ ఎక్కించుకోనని చెప్పి, కొట్టుకొచ్చే చెట్టుకొమ్మల్ని గెడతో తప్పిస్తూ, నొప్పి వచ్చినప్పుడల్లా ఇంజను వేగం తగ్గించి, ఆ పాయ దాటించాడు. అలా వేగం తగ్గిస్తే నొప్పి తగ్గదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పక్కింటి మామ్మగారు డెబ్బై ఏళ్ల వయసులో పడవెక్కి, వద్దంటున్నా వినకుండా, దారి పొడుగునా నా నడుము రాస్తూనే ఉంది. గట్టు మీద అంబులెన్సు సిద్ధంగా ఉంది. ఊళ్లో సగం మంది నా వెంట ఉన్నట్టే అనిపించింది.

ఆసుపత్రిలో లేబర్ రూమ్ తలుపు దగ్గర అందరూ ఆగిపోయారు. మా అమ్మను కూడా లోపలికి రానివ్వలేదు. ఉదయం ఎనిమిదింటికి లోపలికి వెళ్లిన నేను మళ్లీ ఆమె ముఖం చూసింది రాత్రి ఎనిమిది దాటాక.

ఆ పన్నెండు గంటల్లో నొప్పి గురించి నేను ఇక్కడ ప్రత్యేకంగా రాయనక్కర్లేదు, అది నాకొక్కదానికే వచ్చింది కాదు. నేను మర్చిపోలేనిది నొప్పికి, నొప్పికి మధ్య ఉండే ఆ నాలుగైదు నిమిషాల ఖాళీ. తెర కూడా లేని గదిలో నాలుగు బల్లలు ఉన్నాయి. వెల్లకిలా తప్ప ఇంకోలా పడుకోవద్దన్నారు, లేచి నడుస్తానంటే కసిరారు, దాహం వేస్తోందంటే తర్వాత చూద్దామన్నారు. నొప్పులు రావడానికని సెలైన్ పెట్టారు గాని, అందులో ఏ మందు కలిపారో, ఎందుకు కలిపారో చెప్పలేదు. గర్భసంచి మూతి ఎన్ని వేళ్లు తెరుచుకుందో చూసి వాళ్లలో వాళ్లు చెప్పుకున్నారు, నాకు చెప్పలేదు. బిడ్డ గుండె చప్పుడు బాగుందా అని అడిగితే జవాబు రాలేదు. పక్క బల్ల మీది అమ్మాయి గట్టిగా అరిచినప్పుడు ఆమెతో అన్న ఒక మాట ఉంది. అది పత్రికలో రాయదగినది కాదు. కాన్పు గదిలోకి వెళ్లొచ్చిన ఆడవాళ్లలో చాలామందికి అది నేను రాయకుండానే తెలుసు. చివరికి బిడ్డ తల కనపడుతున్నప్పుడు ఒకరు మోచేత్తో నా పొట్ట మీద గట్టిగా నొక్కారు. అలా నొక్కడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పిందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఇది ఒక మనిషి మీద ఫిర్యాదు కాదు. ఆ రోజు వరద వల్ల చుట్టుపక్కల లంకల నుంచి చూలాళ్లను ముందుగానే తీసుకొచ్చేశారు. నాలుగు బల్లలకూ కలిపి నర్సు ఒక్కతే ఉంది, ఆమె మధ్యాహ్నం అన్నం తినలేదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ డబ్బా మూత తీయకుండా నా కళ్లెదుటే కిటికీ దగ్గర సాయంత్రం దాకా ఉంది. అంత పని మీద ఉన్న మనిషి నాకు నీళ్లు పట్టలేదని ఎలా అనగలను? నేను అడుగుతున్నది వేరే ప్రశ్న. నాకు నీళ్లు పట్టడానికి, నడుము రాయడానికి, బల్ల పక్కన నిలబడడానికి ఏ జీతమూ అడగని మనిషి ఒకరు తలుపు అవతల సిమెంటు బల్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, ఆమెను లోపలికి ఎందుకు రానివ్వలేదు? తనకు మనవడు పుట్టాడని ఆమెకు తెలిసింది కూడా ఒక ఆయా తలుపు తీసి, మగపిల్లాడు కాబట్టి ఇంత ఇవ్వాలని చెయ్యి చాపినప్పుడే. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకు, ఆపరేషన్‌కు, మందులకు, రక్తానికి, భోజనానికి, రాకపోకలకు తల్లి దగ్గర పైసా తీసుకోకూడదు. అయినా ఆ సంగతి ఇప్పుడు పెంచను.

కాన్పు సమయంలో తల్లికి ఒక తోడు మనిషిని అనుమతించవచ్చని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016లోనే చెప్పింది. ఆ మనిషి తల్లికి బంధువైన ఆడమనిషి అయి ఉండాలని, వీలైతే తానూ ఒకసారి బిడ్డను కన్నదైతే మంచిదని, అంటురోగాలు లేకుండా, శుభ్రమైన బట్టలు కట్టుకుని రావాలని, మొదటి నుంచి చివరి దాకా ఉండగలగాలని, వైద్యంలో జోక్యం చేసుకోకూడదని, పక్కవాళ్ల దగ్గరికి వెళ్లకూడదని అందులో ఉంది. మరుగు ఉన్నచోట భర్తనైనా రానివ్వవచ్చని కూడా ఉంది. 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమంలో కాన్పు గదుల నాణ్యతకు పెట్టిన కొలతల్లో ఈ తోడు ఒకటి. ఇది కేవలం మనసుకు ధైర్యం కోసం చెప్పిన మాట కాదు. పదిహేడు దేశాల్లో 15 వేల మందికి పైగా తల్లుల మీద జరిగిన 26 అధ్యయనాలను కలిపి వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2017లో చేసిన సమీక్షలో, నొప్పులు పడుతున్నంతసేపూ పక్కన ఒక మనిషి విడవకుండా ఉన్న తల్లులకు మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరిగిందని, ఆపరేషన్ అవసరం తగ్గిందని, నొప్పులు పడే సమయమూ కొంత తగ్గిందని తేలింది. సిజేరియన్లు తగ్గించాలని సమీక్షా సమావేశాలు పెట్టేవారు ఈ ఖర్చులేని మందును ఎందుకు గుర్తు చేసుకోరో నాకు అర్థం కాదు.

నా రెండో కాన్పు మొన్న మాఘమాసంలో, వేరే ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగింది. చేర్చుకునే కాగితాలు రాస్తూనే అక్కడి స్టాఫ్ నర్సు తల ఎత్తకుండా "లోపలికి ఎవరొస్తారమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు మొదట అర్థం కాలేదు. అమ్మకు అప్పటికి మోకాళ్ల నొప్పులు, నిలబడలేదు. దాంతో మా అత్తగారు వచ్చారు. నిజం చెప్పాలంటే, ఆవిడ వస్తారంటే నాకు గుండె జారింది. మా ఇద్దరికీ మాటామాటా కలిసేది తక్కువ.

ఆవిడ నలుగురు పిల్లల్ని ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదుగా కన్న మనిషి. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ఆకుపచ్చ గౌను తొడుక్కుని, చెప్పులు బయట వదిలి, లోపలికి రాగానే ఆవిడ చేసిన మొదటి పని బల్లల మధ్య తెరను సరిగ్గా లాగడం. తర్వాత నన్ను లేపి గోడ పట్టించి నడిపించారు, నడవొచ్చని నర్సు కూడా చెప్పింది. నొప్పి వచ్చినప్పుడు నడుము కింద అరచేత్తో గట్టిగా ఒత్తి పట్టుకునేవారు, తగ్గగానే ఒక గుక్క నీళ్లు పట్టేవారు. ఆ మధ్య ఖాళీలో ఊరుకోకుండా కొబ్బరి దింపు గురించి, కాయ ధర పడిపోవడం గురించి, దింపు కూలీ ఇంకా ఇవ్వాల్సిన లెక్క గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నాకు మధ్యలో కోపం వచ్చి ఇప్పుడు కొబ్బరికాయల గోల ఎందుకండీ అన్నాను. "మరి దేని గురించి మాట్లాడమంటావు, నొప్పి గురించా?" అన్నారు. నేనూ, పక్క తెర అవతల ఉన్న నర్సూ నవ్వాం. కాన్పు గదిలో నవ్వొచ్చని నాకు అప్పుడే తెలిసింది. బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉందని నేను అడగాల్సిన పని లేకుండా ఆవిడే అడిగి తెలుసుకుని నాకు చెప్పేవారు. ఐదున్నర గంటల్లో పాప పుట్టింది. రెండో కాన్పు తొలికాన్పు కన్నా త్వరగా అవుతుందని నాకు తెలుసు, ఆ తేడా అంతా మా అత్తగారి గొప్పతనమని వాదించను. కానీ ఆ ఐదున్నర గంటల్లో నేను ఒక్క నిమిషం కూడా దిక్కులేనిదానిలా పడి లేను.

కుటుంబసభ్యుల్ని రానిస్తే సూక్ష్మక్రిములు వస్తాయని, పాతకాలపు పద్ధతులతో అడ్డం పడతారని డాక్టర్లు అంటారు. రెండోది కొంతవరకు నిజమే. పాప పుట్టగానే నాలుక మీద తేనె రాయాలని మా అత్తగారు చీర కొంగున చిన్న సీసా కట్టుకొచ్చారు. నర్సు ఆ సీసా చూసి, తేనె వద్దు, ముర్రుపాలే పట్టాలి, గంటలోపే పట్టాలి అని రెండు వాక్యాల్లో చెప్పి, పాపను నా గుండెల మీద పడుకోబెట్టింది. మా అత్తగారు సీసా మళ్లీ కొంగున కట్టేసుకున్నారు. బయట వరండాలో కూర్చోబెట్టి ఉంటే ఆ మాట ఆవిడకు ఎవరు చెప్పేవారు? వార్డులోకి మార్చాక ఆవిడ తేనె రాసేవారే. ఆరోగ్య శాఖ గోడల మీద రాయించే నినాదాల కన్నా ఆ రెండు వాక్యాలు మా ఇంట్లో బాగా పనిచేశాయి, మా వీధిలో పుట్టిన ఇంకో బిడ్డకు తేనె రాయబోతే అడ్డుపడింది మా అత్తగారే. ఇక క్రిముల సంగతి అంటారా, శుభ్రమైన గౌను తొడుక్కుని చేతులు కడుక్కున్న ఒక్క మనిషి వల్ల వచ్చే ప్రమాదం, ఆ గదుల్లో మరుగుదొడ్లు ఉన్న తీరు వల్ల వచ్చే ప్రమాదం కన్నా ఎక్కువని నేను నమ్మను.

ఇప్పుడు మళ్లీ సిజేరియన్ల మాటకు వస్తాను. నా తొలికాన్పు కథ విన్న మా తోడికోడలు, నెలలు నిండకముందే తనకు ఆపరేషన్ చేయించమని పట్టుబట్టింది. ఆమెకు ఏ ఇబ్బందీ లేదని డాక్టరు చెప్పినా వినలేదు. నొప్పికి భయపడి కాదు, ఆ గదికి భయపడి. గొలుసు కుదువపెట్టి ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించారు. మొదటిది కోతైతే రెండోదీ కోతే అయ్యే అవకాశం ఎక్కువన్న సంగతి ఆ తర్వాతే ఆలోచించారు. మా వైపు ఇలాంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వీళ్లందరినీ డబ్బున్నవాళ్ల సుఖాలవాటు కింద జమకట్టడం సరికాదని మీ పాఠకులకు మనవి చేస్తున్నాను.

జిల్లా ఆరోగ్య అధికారుల్ని నేను కోరేది పెద్ద బడ్జెట్ కాదు. ప్రతి కాన్పు గదిలో బల్లకూ బల్లకూ మధ్య తెర కట్టించండి. తోడు మనిషిని రానిస్తారని తలుపు మీద పెద్ద తెలుగు అక్షరాలతో రాయించండి. ప్రతి నెలా 9వ తేదీన చూలాళ్లకు ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నాయి కదా, ఆ రోజే ఎవరు తోడు వస్తారో అడిగి తల్లీబిడ్డల కార్డులో ఆ పేరు రాయించండి. లంకల్లో ఉన్నవాళ్లకైతే ఇది మరీ అవసరం, ఎందుకంటే వరద రోజుల్లో ఏరు దాటడానికి పడవలో చోటు ఎవరికివ్వాలో ముందే తెలియాలి. మీ పత్రిక విలేకరులు కూడా ఆసుపత్రులకు వెళ్లినప్పుడు ఎన్ని కాన్పులు, ఎన్ని ఆపరేషన్లు అని అడిగే చోటే, ఎందరు తల్లులకు పక్కన మనిషి ఉంది అని కూడా అడగాలని కోరుతున్నాను.

మా చెల్లెలికి వచ్చే నెలలో నెలలు నిండుతాయి. ఇదీ తొలిచూలే, మా అమ్మకు మోకాళ్లు ఇప్పుడు కాస్త నయం. మొన్న 9వ తేదీ పరీక్షకు వెళ్లినప్పుడు, కాన్పు గదిలోకి అమ్మను రానిస్తారా అని నేనే అడిగాను. ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్లను బట్టి ఉంటుందని చెప్పారు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
పి.గన్నవరం మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా