బుజ్జికి నాన్న రాసే మోటారు సంగతి

గుణుపురం

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నా, తర్వాత చేస్తా నాన్నా అంటావు, తర్వాత చెయ్యవు. సరే, పార్సిల్ ఎలాగూ పంపుతున్నాను కదా, అందులో ఉత్తరం కూడా పెడదామనిపించింది. ముఖ్యంగా మోటారు గురించి. ఎలక్ట్రికల్ చదివినదానివి, నీకైతే చెప్పిన వెంటనే అర్థమవుతుంది.

మొన్న పర్లాకిమిడి పిన్ని వచ్చింది. వాళ్ల చిన్నోడు కూడా పూణెలోనే కదా, మీ కంపెనీలో చాలామందిని తీసేశారని వాడు చెప్పాడట. పిన్ని మాటలు నీకు తెలిసినవే. నేను పట్టించుకోలేదు, ఊరికే చెబుతున్నాను.

మన మిల్లులో వడ్లు ఆడే హల్లరుకి ఉన్న 20 హెచ్‌పీ మోటారు కాలిపోయింది. అదీ సంక్రాంతి ముందు, ధాన్యం బస్తాలు గోడ పొడుగునా పేర్చి ఉన్న రోజుల్లో. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజు ఫ్యూజు పోయింది. మోటారు ఆగకుండా మిగిలిన రెండు ఫేజుల మీదే మూలుగుతూ తిరిగింది. వాసన పసిగట్టి జోగి పరిగెత్తుకెళ్లి ఆపేసరికే అయిపోయింది. విప్పి చూస్తే ఒక ఫేజు కాయిళ్లే బొగ్గులా మాడిపోయాయి, తక్కినవి బాగానే ఉన్నాయి. మూడు ఫేజుల కాయిళ్లనీ ముక్కోణంలా కలిపి డెల్టాలో నడిచే మోటారుకి ఒక లైను పోతే ఒక ఫేజు కాయిళ్ల మీదే ఎక్కువ భారం పడుతుందని సెలవులకి వచ్చినప్పుడు నువ్వే చెప్పావు.

మరి కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపాల్సిన రిలే ఎందుకు ఆపలేదు? ఎప్పుడో వచ్చిన ఎలక్ట్రీషియన్ దాన్ని 28 దగ్గర పెట్టి వెళ్లాడు. నేమ్ ప్లేటు మీద 28 ఆంపియర్లు అని ఉన్న మాట నిజమే. కానీ మోటారుని మొదట మెల్లగా ఎత్తుకునే మన స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే ఉన్నది కాయిళ్లకి వెళ్లే వైర్ల మీద. అక్కడ పారేది లైను కరెంటులో 58 శాతమే, అంటే 16 దగ్గర ఉండాలి. ఈ లెక్క సరేనా? చూసి చెప్పు.

అందరూ మళ్లీ కాయిలు కట్టించెయ్యమన్నారు. అది ఇదివరకే కట్టించిన మోటారు. పాత కాయిలు ఊడదీయడానికి మంటలో కాలుస్తారు, వేడి మించితే లోపలి రేకుల మీద పూత పోతుంది. ఆ తర్వాత అది ఉత్తినే వేడెక్కుతుంది, కరెంటు తింటుంది. అందుకే కొత్తదే కొనాలనుకున్నాను.

బజారులో షాపతను 25 హెచ్‌పీ పెట్టుకోండి, ఇంక కాలే ప్రసక్తే ఉండదు అన్నాడు. దాని షాఫ్టు నేల నుంచి 180 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, మనది 160. షాఫ్టు లావు 48, మన పుల్లీ రంధ్రం 42. పునాది బోల్టులు కలవవు, స్టార్టరూ కేబులూ కూడా మార్చాలి. పైగా పెద్ద మోటారుని తక్కువ లోడు మీద నడిపితే పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది, అంటే చేసే పనికి మించి కరెంటు లాగుతుంది. ఇంతలో కాశీబుగ్గ మావయ్య ఒక జీడి ఫ్యాక్టరీలో సగం ధరకి 20 హెచ్‌పీ మోటారే ఉందని ఫోటో పంపాడు. ప్లేటు మీద నిమిషానికి 960 చుట్లు అని ఉంది. మనది 1440. అది బిగిస్తే హల్లరు వేగం మూడింట రెండొంతులకి పడిపోతుంది. వద్దంటే మావయ్య అలిగాడు, ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదు. ఇంకొకరు చూపించినదానికి అన్నీ కుదిరాయి గానీ నేల మీద బిగించే కాళ్లే లేవు, ముందు వైపు బోల్టులతో బిగించే ఫ్లాంజి మోటారు.

అన్నట్టు జీతం నెల మొదట్లోనే పడుతోంది కదా? అమ్మ అడగమంది.

చివరికి పాత ప్లేటు మీది రంగు గీకి, అన్నీ కాగితం మీద రాసుకుని విశాఖపట్నం వెళ్లాను. 15 కిలోవాట్లు, 415 వోల్టులు, నాలుగు పోల్స్, కాళ్లున్నది, షాఫ్టు 42, ఎత్తు 160, బోల్టు రంధ్రాల మధ్య దూరం అటూ ఇటూ 254. ఊక ధూళి ఉంటుంది కాబట్టి ఐపీ 55, రోజంతా నడుస్తుంది కాబట్టి ఎస్1. తాతయ్య రోజుల్లో ఆయిల్ ఇంజను నౌపడా నుంచి చిన్న రైలుబండిలో వచ్చింది. 2011లో పెద్ద లైను వచ్చాక ఇప్పుడు మన ఊళ్లో ఎక్కితే విశాఖలోనే దిగొచ్చు. కాగితం చూపిస్తే షాపులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కరెంటు తక్కువ తినే ఐఈ3 రకం మోటారు ఇచ్చారు, ప్లేటు మీద 1465 చుట్లు అని ఉంది. ఆ కాస్త తేడాకి హల్లరుకి ఏమీ కాదు. బెల్టు వెయ్యకముందే తిప్పి చూస్తే ఎదురు తిరిగింది, రెండు వైర్లు అటూ ఇటూ మార్చాం. ఫేజు పోతే వెంటనే ఆపేసే ప్రివెంటరు కూడా పెట్టించాను. అది లేకుండా స్విచ్ వెయ్యనివ్వలేదు. పాతది ఎందుకు పోయిందో సరిచెయ్యకపోతే కొత్తది కూడా అలాగే పోతుంది.

మిల్లు ఆగి ఉన్నన్నాళ్లూ తలో మాట అన్నారు. సవర ఊళ్ల వాళ్లు బస్తాలు మళ్లీ బండికెత్తుకుని పక్క మిల్లుకి వెళ్లిపోయారు. ఏదో ఒకటి పెట్టెయ్యండి అని అమ్మ కూడా పోరింది. నేను తొందరపడలేదు. రాగులు పట్టే చోళ్ల మర నడుస్తూనే ఉంది, ఇల్లు గడిచింది.

ఒకవేళ, ఒకవేళే అంటున్నాను, నీ ఉద్యోగంలో ఏదైనా తేడా వస్తే కంగారుపడి ముందు దొరికినదానికి ఒప్పేసుకోకు. ఇక్కడికి వచ్చెయ్యి, కొన్నాళ్లు ఉండు. నీకేం వచ్చు, ఎంత జీతం కావాలి, రాత్రి డ్యూటీలు చెయ్యగలవా లేదా, కాగితం మీద రాసుకుని వెతుక్కో. గది అద్దెకి స్నేహితుల దగ్గర అప్పు చెయ్యొద్దు, నాకు చెప్పు. క్రెడిట్ కార్డు అసలే వాడకు. కిందటిసారి వచ్చినప్పుడు కళ్ల కింద నలుపు చూశాను. పన్నెండింటి దాకా ఫోన్ చూస్తూ కూర్చోకు. పొద్దున్న టీ తాగి టిఫిన్ తిన్నాననకు.

పార్సిల్‌లో మాగాయ, కందిపొడి, నువ్వుండలు, జీడిపప్పు ఉన్నాయి. నెయ్యి సీసా మూతకి టేపు చుట్టాను, నిలువుగానే పెట్టు. మాగాయలో తడి చెంచా పెట్టకు. స్వెట్టర్ అమ్మ పెట్టింది, వద్దని తిప్పి పంపకు.

అందగానే ఫోన్ చెయ్యి. అమ్మకి కాదు, నాకు. తొమ్మిది దాటాక చేస్తే మిల్లు కట్టేసి ఉంటుంది, నేనొక్కణ్ణే లెక్కలు చూసుకుంటుంటాను. రిలే 16 సరైనదో కాదో చెప్పు, ఆ తర్వాత రెండో సంగతి కూడా చెప్పు. ఏదైనా సరే, అమ్మకి నేను చెప్పుకుంటాను.

నాన్న