పురుగు పట్టిన కాఫీ కాయను ఊరు దాటించొద్దు

సంపాదకులకు,

అల్లూరి సీతారామరాజు జిల్లా కాఫీ తోటల్లో కాయ తొలుచు పురుగు 2025 వానల్లో అరకులోయ మండలంలో బయటపడింది. అప్పటి నుంచి ఎవరిని కదిపినా ‘ఏ మందు కొట్టాలి’ అనే అడుగుతున్నారు. ఈ పురుగు బతుకు దాదాపు అంతా కాయ లోపలే. పైన కొట్టిన మందు దానికి తగిలేది తక్కువ, కింద గెడ్డలో కలిసేది ఎక్కువ. ఆ గెడ్డ నీళ్ళే దిగువ గూడెం తాగుతుంది. పైగా మన కాఫీకి బయట పలుకుతున్న ధరలో సేంద్రియం అన్న పేరుకీ వాటా ఉంది.

పురుగును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కాయకు తొడిమ ఒక చివర, బొడ్డు రెండో చివర ఉంటాయి కదా, ఆ బొడ్డు దగ్గర గుండుసూది గుచ్చినంత రంధ్రం కనిపిస్తుంది. ఒక్కోసారి రంధ్రం దగ్గర సన్నటి పొడి ఉంటుంది. బ్లేడుతో కోస్తే లోపల రెండు మిల్లీమీటర్లకు మించని నల్లటి పురుగు, దాని చుట్టూ నూక గింజల్లాంటి తెల్లటి పిల్లలు కనిపిస్తాయి. గుడ్డు నుంచి పెద్ద పురుగయ్యేదాకా సుమారు నెల రోజులు పడుతుంది. మగ పురుగు ఎగరలేదు. ఆడది కాయలోనే జతకట్టి, కొత్త కాయ కోసం బయటికొస్తుంది. అది కూడా సొంత రెక్కల మీద పోయేది కొద్ది దూరమే. కొండలు దాటాలంటే దానికి మన గోనె సంచి, మన జీపు కావాలి. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ పురుగు మన దేశంలో మొదట 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర కనిపించింది. తర్వాత తమిళనాడు, కేరళ, కర్ణాటక కాఫీ ప్రాంతాలకు పాకింది.

అందుకే పురుగు పట్టిన కాయను రైతు మండల కేంద్రానికి తెచ్చి అప్పగిస్తే కిలోకి ఇంత అని చెల్లించే పద్ధతి మీద మా అభ్యంతరం. ఉద్దేశం మంచిదే. కానీ తోటలో ఏరిన కాయ మూతి కట్టని సంచిలో ఆటో ఎక్కి, నాలుగు ఊళ్ళ తోటల పక్కనుంచి మండల కేంద్రానికి వెళ్తే దారి పొడవునా పురుగును పంచినట్టే. తూకం గూడెంలోనే వేయాలి, పురుగు చావడానికి కాయను ఉడకబెట్టే పాత్ర కూడా అక్కడే పొయ్యి మీద ఎక్కాలి. తూచేది ఉడకబెట్టక ముందే, నీళ్ళు పట్టిన కాయను తూస్తే లెక్క తేలక గొడవలొస్తాయి. తూకం అయ్యేదాకా కాయ మందపాటి ప్లాస్టిక్ సంచిలో, మూతి బిగించి ఉండాలి.

ఉడకబెట్టడంలోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. నీళ్ళు తెర్లుతుండగా కాయను వేసి రెండు మూడు నిమిషాలు ఉంచాలి. గోరువెచ్చటి నీళ్ళు పైన పోస్తే పురుగు చావదు. పెద్ద డేగిసాలో సంచెడు కాయ ఒక్కసారే కుమ్మరించినా నీళ్ళు చల్లారిపోతాయి, మధ్యలో ఉన్న కాయకు వేడి తగలదు. వెదురు బుట్టలో కొద్దికొద్దిగా పోసి బుట్టతో సహా ముంచితే పని సరిగ్గా అవుతుంది. బాగున్న కాయను తర్వాత ఎండబెట్టి చెర్రీగా, అంటే తొక్కతో ఎండిన కాయగా అమ్ముకోవచ్చు, మరీ గుల్లయినదాన్ని లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి.

అసలు పని మాత్రం కోత అయ్యాక ఉంది. మన దగ్గర నవంబరు నుంచి జనవరి దాకా పండు కోస్తాం. మార్చి, ఏప్రిల్‌లో పూత. కొత్త కాయలో గింజ గట్టిపడేది ఇంచుమించు ఆగస్టుకి, అప్పుడుగానీ పురుగుకు కొత్త తిండి లేదు. ఈ మధ్య ఆరేడు నెలలూ అది చెట్టున మిగిలిపోయిన కాయలో, ఆకుల కింద రాలిన కాయలో తలదాచుకుంటుంది. అకాల వానలకు పూసి కాసిన నాలుగు కాయలున్నా దానికి చాలు. ఆ కాయ లేకుండా చేస్తే గొలుసు తెగిపోతుంది. కోసేటప్పుడు చెట్టు కింద పాత చీరో టార్పాలినో పరిస్తే రాలిన పండు ఆకుల్లో కలవదు. ఆఖరి కోతలో ఎరుపు, పచ్చ, ఎండు అని చూడకుండా మొత్తం దూసెయ్యాలి. ఫిబ్రవరి నెలాఖరుకి నేల కూడా ఏరేయాలి.

చెప్పడం తేలికే. నీడకు పెంచే సిల్వర్ ఓక్ చెట్ల కింద మోకాలి దాకా ఆకు పడిన వాలులో కాయ ఏరడం ఎంత కష్టమో వంగిన నడుముకే తెలుసు. రోజంతా ఏరినా బుట్ట అడుగు నిండదు. అందువల్ల ఏరుడుకు కిలో లెక్క పెడితే ఎవరూ రారు. దీనికి రోజు కూలి ఇవ్వాలి, లేదా ఎకరాకు ఇంత అని ఇచ్చి, తర్వాత తోటలో పది చెట్ల కింద చూసి పాస్ చేయాలి. కొమ్మ కత్తిరించక ఎనిమిది తొమ్మిది అడుగులు పెరిగిన చెట్ల చిటారు కాయ అలాగే ఉండిపోతోంది. అయిదడుగుల దగ్గర తల తుంచితే చేతికందుతుంది. కూలికి పట్నం పోయినవాళ్ళ తోటలు, వయసు మీరిన ఒంటరివాళ్ళ తోటలు ఎవరు శుభ్రం చేయాలో గూడెం సభలోనే తేల్చుకోవాలి. అటవీ అభివృద్ధి సంస్థ తోటలు పక్కనున్న చోట రెండు వైపులా ఒకే వారంలో ఏరాలి. ఒకవైపే ఏరితే ఆ కూలి వృథా.

కోసిన పండును డ్రమ్ములో నీళ్ళు పోసి ముంచితే తేలేవి వేరుపడతాయి. వాటిని ఉడకబెట్టే కుప్పలో వేయాలి. పురుగు కొత్తగా దూరిన కాయ మునుగుతుంది కాబట్టి దీన్నే నమ్ముకోకూడదు. పండు తొక్క తీసే పల్పింగ్ మిషన్ దగ్గర తొక్క కుప్ప మీద పట్టా కప్పాలి. పార్చ్‌మెంట్‌లో, అంటే పండు తొక్క తీసి పైపొరతో ఎండబెట్టిన గింజలో, తేమ 10 శాతానికి దిగితే నిల్వలో పురుగు పెరగదు. డిసెంబరు మంచుకి సాయంత్రం పట్టా కప్పకపోతే పగలు ఎండబెట్టినదంతా తిరిగి చెమ్మెక్కుతుంది. సంతలో షావుకారు ఇచ్చే ఖాళీ సంచి ఏ ఊరు తిరిగొచ్చిందో తెలియదు. తిరగేసి, మరిగే నీళ్ళలో ముంచి ఎండబెట్టాకే వాడాలి.

మందే కావాలంటే బవేరియా బాసియానా అనే శిలీంధ్రం ఉంది. వానల్లో, గాలిలో తేమ ఉన్నప్పుడు సాయంత్రం పూట చల్లితే పనిచేస్తుంది. ఆకు తుప్పు తెగులుకు కొట్టే బోర్డో మిశ్రమంతో కలిపారా, శిలీంధ్రం చచ్చి ఊరుకుంటుంది.

పురుగును వాసనతో రప్పించి పట్టడానికి తోటలో పెట్టే ఎర్ర ఎరబుట్టల గురించి ఒక హెచ్చరిక. వాటిలో పోసే ద్రవంలో మిథనాల్ ఉంటుంది. వాసనకు సారాలా ఉంటుంది, తాగితే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. సీసా మీద పుర్రె బొమ్మ తప్పనిసరి. తెలుగులో రాసి అతికిస్తే సరిపోదు. కొండ మీది కోందు ఊళ్ళలో పెద్దవాళ్ళు మాట్లాడేది కువి, అరకు, ముంచింగిపుట్టు వైపు పోర్జా, గదబ గూడేల్లో ఆదివాసీ ఒడియా నడుస్తుంది. ఆ భాషలొచ్చిన కుర్రవాళ్ళను పంపి సంతలో మైకులో చెప్పించాలి, కాయ కోసి పురుగు చూపించాలి. ఈ పని కోత మొదలుకాక ముందే, అక్టోబరు సంతల్లోనే జరగాలి.

– కాఫీ సాగుదారులు కొందరు,
పాడేరు డివిజన్