కాలువలోకి నీళ్లు వదిలేముందు ఓడల సంగతి కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వరద నీళ్లని పంపులతో కాలువల్లోకి తోడెయ్యాలని ఈమధ్య అందరూ అంటున్నారు, మీ పేపర్లో కూడా రాశారు. తోడండి, ఎవరొద్దన్నారు. కానీ ఆ కాలువలో ఓడలు తిరుగుతుంటే మాత్రం అవుట్‌లెట్ (పైపు నీళ్లు కాలువలోకి పడే నోరు) డిజైన్ డ్రైనేజీ వాళ్ల ఒక్కళ్లకే వదిలెయ్యకూడదు. వాళ్ల లెక్కంతా నీళ్లు ఎంత తొందరగా పోతాయి, ఖర్చు ఎంత తగ్గుతుంది అనే. పైపు చిన్నదైతే ఖర్చు తగ్గుద్ది నిజమే, కానీ అవే నీళ్లు అంత స్పీడుగా వచ్చి కాలువకి అడ్డంగా తన్నుతాయి.

అప్పుడు ఏమవుద్దంటే, ముందు ఓడ ముక్కు ఆ ధారలోకి వస్తుంది, వెనక భాగం ఇంకా మామూలు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి ముక్కు అవతలి గట్టు వైపు తిరుగుద్ది, నడిపేవాడు చుక్కాని ఇటు తిప్పుతాడు, అది పనిచేసే టైముకి ముక్కు ధార దాటేసి ఉంటుంది, ఇప్పుడు ధార వెనక భాగాన్ని తోస్తుంది, అంటే ఓడ ముక్కు ఇవతలి గట్టు వైపే వస్తుంది, ఆయన తిప్పిన చుక్కాని కూడా అటే లాగుతుంది! రెండూ కలిశాయంటే గట్టుకి గుద్దుకోవడమే, ఎదురుగా ఇంకో ఓడ ఉంటే చెప్పక్కర్లేదు. మెల్లగా పోతే సేఫ్ కదా అంటారు, ఇక్కడ ఉల్టా, మెల్లగా పోయే ఓడ ధారలో ఎక్కువసేపు ఉంటుంది, చుక్కానికి పట్టు కూడా తక్కువ.

నెదర్లాండ్స్‌లో ఓడల దారికి అడ్డంగా వచ్చే నీటి వేగం సెకనుకి 0.3 మీటర్లు దాటకూడదని చూస్తారు, నీళ్లు మరీ ఎక్కువైతే ఇంకా తక్కువే. ఆ లెక్కన సెకనుకి 6 ఘనపు మీటర్లు వదలాలంటే 20 చదరపు మీటర్ల నోరు కావాలి, అంటే 2 మీటర్ల లోతుకి 10 మీటర్ల వెడల్పు. అదే 2 చదరపు మీటర్ల పైపులోంచి వదిలితే వేగం 3 మీటర్లు, పది రెట్లు. దారిదాకా వచ్చేసరికి కొంత తగ్గుద్దిలే అంటారేమో, ఇరుకు కాలువలో గట్టుకీ దారికీ మధ్య దూరం ఎంతుంటుంది కనక.

ఇంకోటి, నోరు వెడల్పు చేసినంత మాత్రాన నీళ్లు వాటంతటవే పరుచుకోవు, మధ్యలోంచే దూసుకొస్తాయి, కాగితం మీద సగటు మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. లోపల స్తంభాలో అడ్డుగోడలో పెట్టి ధారని విరగ్గొట్టాలి. నోటిని గట్టు నుంచి కాస్త వెనక్కి జరపాలి. వంపుల దగ్గర, లాకుల దగ్గర, వంతెనల దగ్గర అసలు పెట్టొద్దు. పంపులన్నీ ఒక్కసారి ఆన్ చెయ్యకుండా ఒక్కోటీ పెంచుకుంటూ పోవాలి, నీళ్లు వదులుతున్నట్టు ఓడవాళ్లకి దూరం నుంచే కనపడేలా లైటు ఉండాలి.

కాబట్టి టెండర్ పిలవకముందే, పంపులన్నీ ఆన్‌లో ఉండి, కాలువలో నీటిమట్టం బాగా తగ్గి, ఆ దారిలో తిరిగే అతి పొడుగు ఓడ వస్తే ఏమవుద్దో లెక్కగట్టి ఓడల రాకపోకలు చూసే నావిగేషన్ వాళ్ల సంతకం తీసుకోవాలి. కట్టాక కూడా పంపులు నడిపి ధార వేగం కొలవాలి, ఎక్కువ వస్తే సరిచేసే ఖర్చు ఎవరిదో కాంట్రాక్టులోనే రాసుకోవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు