కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడు బోరు కంటే ఎంఆర్ఐ ముచ్చటే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం. బోరు మోటారు బాగయింది, మూల మీది వీధిదీపాలు వెలుగుతున్నాయి, బతుకమ్మ ఘనంగా జరిగింది, లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇక మిగిలింది ఆదివారం ఆరోగ్య ముచ్చట్లు. "స్కాన్ల గురించి చర్చలు కాలనీ సంఘానికెందుకు" అని ఒకరిద్దరు అడిగారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

నడుము నొప్పితో మొదలుపెట్టాం. హన్మకొండలో ఇప్పుడు ఏ ఇంట్లో బీరువా తెరిచినా ఒక ఎంఆర్ఐ ఫిలిం కవరు బయటపడుతుంది, రిపోర్టులో "డిస్క్ బల్జ్" (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త ఉబ్బడం) అని కనబడగానే ఇక ఆపరేషనే అని ఇంటిల్లిపాదికీ టెన్షన్. 2015లో కొందరు పరిశోధకులు పాత అధ్యయనాలు 33 ఒకచోట చేర్చి, అసలు నొప్పే లేని 3,110 మంది స్కాన్ ఫలితాలను లెక్కగట్టారు. ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది, ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతం. డిస్క్ ఉబ్బు 30 శాతం నుంచి 84 శాతం దాకా ఉంది. ఇది చదివి వినిపించినప్పుడు హాల్లో చాలామంది ముఖాలు తేటపడ్డాయి. అంటే స్కాన్ దండగ అని కాదు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా, నడుము నొప్పితో పాటు సాయంత్రాలు జ్వరం వచ్చి మనిషి చిక్కిపోతున్నా ఆలస్యం చేయొద్దు. వెన్ను టీబీ మన దగ్గర ఇంకా ఉంది, ఎముక బాగా తినేదాకా ఎక్స్‌రేలో సరిగ్గా కనబడదు, ఎంఆర్ఐ అంతకు చాలా ముందే పట్టిస్తుంది.

పక్షవాతం మీద పెట్టిన ముచ్చటకు హాలు నిండింది. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా ముందు కావాల్సింది సీటీ స్కాన్, ఎందుకంటే మెదడు లోపల రక్తం కారిందా, రక్తపు గడ్డ అడ్డుపడిందా అన్నది తేలకుండా మందు ఇవ్వలేరు. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. 2018లో వచ్చిన డాన్, డిఫ్యూజ్-3 పరిశోధనల తర్వాత, మెదడులో ఇంకా కాపాడదగిన భాగం మిగిలి ఉందని స్కాన్‌లో తేలితే, పెద్ద నాళంలో అడ్డుపడ్డ గడ్డను తీగతో లాగేసే చికిత్స కొందరికి 24 గంటల దాకా చేస్తున్నారు. నిద్రలోనే పక్షవాతం వచ్చి, ఎప్పుడొచ్చిందో తెలియని వాళ్లలోనూ ఎంఆర్ఐ చూసి కొందరికి ఇంజక్షన్ ఇవ్వొచ్చని అదే ఏడాది ఇంకో పరిశోధన చూపించింది. ఆ "కొందరికి" అన్న మాట మాత్రం మరువకండి. 24 గంటలు అని విని "పొద్దుగాల చూద్దాంలే" అని పడుకోబెట్టే అలవాటు మనది, నాకున్న భయం అదే. అందుకే రాత్రిపూట సీటీ ఎక్కడ తీస్తారో కనుక్కొని జాబితా నోటీసు బోర్డు మీద పెట్టాం, 108 నంబరుతో సహా.

కొత్త యంత్రాల ముచ్చట కూడా నడిచింది. మామూలు ఎంఆర్ఐ 1.5 లేదా 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) ఉంటుంది, అమెరికాలో 2020లో అనుమతి వచ్చిన చిన్న యంత్రం 0.064 టెస్లాదే, బొమ్మ అంత స్పష్టంగా రాదు గానీ మంచం దగ్గరికే తోసుకొచ్చి మామూలు ప్లగ్గుకు పెట్టుకోవచ్చు. జిల్లా ఆసుపత్రులకు ఇలాంటివి వస్తే ఎంత బాగుండునో. ఐఐటీ మద్రాసు వాళ్లు 2024లో విడుదల చేసిన "ధరణి" గురించి ఒక రిటైర్డ్ సారు చెప్పారు. గర్భస్థ శిశువు మెదడును 5,132 పొరలుగా చిత్రించిన పని అది. మన పాత భూముల పోర్టల్ పేరే కదా అని హాలంతా నవ్వులు.

వచ్చే ఏడు మొదటి ముచ్చట పిల్లల ఫిట్స్ మీద. మెదడు స్కాన్‌లో ఉంగరంలా కనబడే చిన్న గడ్డ చాలాసార్లు బద్దెపురుగు గుడ్ల వల్ల వస్తుంది, సరిగ్గా కడగని ఆకుకూరతో శాకాహారులకూ రావచ్చు, కాబట్టి వంటింటి బాధ్యత చూసేవాళ్లు తప్పక రండి. ప్రొజెక్టర్ అరువు తెచ్చుకోవడం ఇక కుదరదంటున్నారు, సొంతంగా కొనాలా వద్దా అన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. చందా బాకీ ఉన్నవాళ్లు ఆలోపు కట్టేయండి.

— కార్యదర్శి