శనివారం చిప్‌ట్యూన్ (పాత వీడియోగేమ్ యంత్రాల సౌండ్ చిప్‌లతో చేసే సంగీతం) కచేరీలో వాయించేవారికి

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి ఎక్కువమంది నింటెండో వారి చేతి గేమ్ యంత్రం గేమ్‌బాయ్‌తోనే వాయిస్తున్నారు కాబట్టి శబ్దం విషయం ముందుగానే మనవి చేస్తున్నాను.

1989లో వచ్చిన ఆ యంత్రంలో ఉన్నవి రెండు పల్స్, ఒక వేవ్, ఒక నాయిస్, మొత్తం నాలుగే శబ్ద చానళ్లు (ఒక్కోటి ఒకసారికి ఒకే శబ్దం పలికిస్తుంది). బాణీ, బేస్, డ్రమ్ములు అన్నీ ఆ నాలుగింటిలోనే ఇమడాలి గనుక ఏ ఒక్కటి మసకబారినా పాట బలం తగ్గిపోతుంది. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి మిక్సర్‌కు కలిపితే లోపలి యాంప్లిఫయర్ రొద కూడా పెద్ద స్పీకర్లలో వినబడుతుంది; ఆ యాంప్లిఫయర్‌కు ముందే తీగ లాగి వేరే అవుట్‌పుట్ పెట్టించుకున్నవారు దయచేసి దానినే వాడండి. బ్యాక్‌లైట్ అమర్చుకున్నవారు దాని సన్నని హోరును సౌండ్‌చెక్‌లో తప్పక విని చూసుకోవాలి.

గేమ్‌బాయ్ మీదే నడిచే సంగీత ప్రోగ్రామ్ ఎల్‌ఎస్‌డీజేలో పాటలు కట్టేవారికి ప్రత్యేక విన్నపం. ఆ ప్రోగ్రామ్ ఉండే, యంత్రంలో గుచ్చే కార్ట్రిడ్జ్‌లలో చాలావాటిలో పాటలు నిలిచేది లోపలి చిన్న బ్యాటరీ మీదే, అది అయిపోతే నెలల శ్రమ చెరిగిపోతుంది. బయలుదేరే ముందే సేవ్ ఫైలును కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. యంత్రానికి కొత్త డబుల్ ఏ బ్యాటరీలు నాలుగు, అదనంగా మరో నాలుగు తెచ్చుకోండి.

ఇద్దరు కలిసి వాయించేటట్లయితే లింక్ కేబుల్‌తో తాళం ముందే కలిపి చూసుకోండి. తెరపై దృశ్యాలు నడిపేవారు ప్రొజెక్టర్ కేబుల్ వివరం శుక్రవారంలోగా ఇక్కడే తెలియజేయగలరు.