చరిత్ర పీజీకి ర్యాంకుల పట్టిక సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

పీజీ ప్రవేశాలపై మీరు వేసిన ప్రత్యేక పేజీలో చరిత్ర విద్యార్థులకూ విశ్వవిద్యాలయాల ర్యాంకులనే చూపించారు. ఇంజినీరింగుకూ చరిత్రకూ ఒకే తూకం రాయి! ఆ ర్యాంకుల్లో చాలావాటికి ఆధారం పేరుప్రతిష్ఠల సర్వేలు, పరిశోధన పత్రికల్లోని వ్యాసాలను ఎందరు ఉదహరించారన్న లెక్కలు. చరిత్రకారులేమో పదేళ్లు కూర్చుని ఒక పుస్తకం రాస్తారు. అది ఆ లెక్కల్లోకి సరిగా ఎక్కదు.

నేను పాత దస్త్రాలను భద్రపరిచే ఆర్కైవ్స్‌లో వాటిని చదువరులకు అందించే ఉద్యోగం చేసి విరమించాను. గొప్ప పేరున్న చోట సీటు సంపాదించి, ఎంఏ చివరి ఏడాదిలో మా బల్ల దగ్గరికొచ్చి "ఇది ఏ లిపి అండీ?" అని అడిగిన పిల్లలను చూశాను. వాళ్లకు తెలివి లేక కాదు. ఆ లిపి నేర్పేవారు వాళ్ల విభాగంలో లేరు. చేరేముందు ఆ సంగతి కనుక్కోవాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

సంఘటన జరిగిన చోటే దాని కాగితాలూ ఉండాలని లేదు. మధ్యయుగాల కైరో వర్తకుల ఉత్తరాలు చదవాలంటే ముఖ్యంగా కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని ఆశ్రయించాలి. అక్కడి గెనీజా (కైరోలోని యూదుల ప్రార్థనాలయంలో పాత కాగితాలు దాచిన గది) సేకరణలో లక్షా 90 వేలకు పైగా పత్రాల ముక్కలున్నాయి. ఆ ఉత్తరాల్లో చాలావాటి భాష అరబ్బీ, లిపి హీబ్రూ. డచ్ ఈస్టిండియా కంపెనీ దస్త్రాల్లో పెద్ద భాగం నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఉంటే, మిగిలినవి జకార్తా, కొలంబో, చెన్నై, కేప్‌టౌన్‌లకు చెదిరి ఉన్నాయి. ఇప్పుడు చాలా కాగితాలు కంప్యూటర్ తెర మీదే కనిపిస్తాయి, నిజమే. కానీ 17వ శతాబ్దపు గుమాస్తా గొలుసుకట్టు రాత కంటికి కనిపించినంత మాత్రాన అర్థమైపోదు. పక్కన కూర్చుని అక్షరమక్షరం చదివించే గురువు కావాలి.

ఆ గురువు కూడా కదలకుండా అక్కడే ఉండిపోరు. చరిత్ర రచనను కొత్త దారి పట్టించిన 'అనాల్స్' పత్రికను ఫ్రెంచ్ చరిత్రకారులు మార్క్ బ్లోక్, లూసియన్ ఫెవ్ర్ 1929లో మొదలుపెట్టినప్పుడు ఇద్దరూ పాఠాలు చెబుతున్నది పారిస్‌లో కాదు, స్ట్రాస్‌బర్గ్‌లో. 1933లో ఫెవ్ర్, 1936లో బ్లోక్ పారిస్ వెళ్లిపోయారు. వాళ్ల పేరు విని 1937లో స్ట్రాస్‌బర్గ్‌లో చేరినవారికి ఇద్దరిలో ఒక్కరూ దొరికి ఉండరు. ఇప్పటి విభాగాల వెబ్‌సైట్లలోనూ ఎప్పుడో పదవీ విరమణ చేసినవారి ఫొటోలు ఇంకా నవ్వుతూనే ఉంటాయి.

ఎంఏలో చేరేనాటికే అంశం తేల్చుకోవాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. ఏ కాలం, ఏ ప్రాంతం మీద మనసు పోతోందో తెలిస్తే చాలు, అడగాల్సిన ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. చిక్కల్లా జవాబులు దొరక్కపోవడమే.

అందువల్ల విశ్వవిద్యాలయాలు ప్రవేశ ప్రకటనతో పాటే కొన్ని వివరాలు బయటపెట్టాలి. రాబోయే రెండేళ్లలో ఎవరు సెలవులో ఉంటారు, ఎవరు విరమిస్తారు? ఒక్కో గైడ్ దగ్గర ఎందరు విద్యార్థులున్నారు? ఏ భాషలు, ఏ లిపులు నేర్పుతారు? ఆర్కైవ్స్‌కు వెళ్లిరావడానికి ప్రయాణ ఖర్చులు ఇస్తారా? గత ఐదేళ్లలో అక్కడి విద్యార్థులు ఏ అంశాలపై సిద్ధాంత వ్యాసాలు రాశారు? నన్నడిగితే, ఈ చివరి జాబితా ఒక్కటే పది ర్యాంకుల పట్టికల పెట్టు.

మీరు వచ్చే ఏడాది వేసే పేజీలో ర్యాంకు పక్కన ఈ వివరాలకూ ఒక గడి కేటాయించండి. ఏ విభాగమైనా జవాబివ్వకపోతే దాని గడిని ఖాళీగానే అచ్చువేయండి.

ఇట్లు
ఒక విశ్రాంత ఆర్కైవ్స్ ఉద్యోగి