సాయంత్రపు ఇంగ్లీషు తరగతి: కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మోరీలు, వీధి దీపాలు, బోరు మోటారు మరమ్మతుల వివరాలు, ఆడిటైన జమాఖర్చులు విడిగా జత చేశాం. ఈ ఏడు సభ్యులు ఎక్కువగా అడిగింది కమ్యూనిటీ హాల్లో నడిచిన ఇంగ్లీషు తరగతి గురించే కాబట్టి ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

2022–23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పిల్లలు హోంవర్కు పట్టుకొని తల్లుల దగ్గరికి వస్తున్నారు, తల్లులేమో తెలుగు మీడియంలో చదివినవాళ్లు. అందుకే పిల్లలనూ పెద్దలనూ కలిపే కూర్చోబెట్టాం. పాఠాలు చెప్పింది మన కాలనీలోనే ఉండే రిటైర్డ్ టీచరమ్మ. పండుగలు, తిండి, పరిసరాలు, ఈ మూడింటి మీదే ఏడాదంతా మాట్లాడిద్దామని ఆమే సూచించారు. ఎవరి దగ్గరైనా ఈ మూడింటి గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. చెప్పాలన్న ఆరాటముంటే భాష వెనకాలే వస్తుందని ఆమె నమ్మకం. ఏడాది చూశాక కార్యవర్గానిదీ అదే మాట.

బతుకమ్మ రోజుల్లో హాలు కిటకిటలాడింది. అక్టోబరు 2, అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై 10న సద్దులతో ముగిసింది. ఏటా చేసేది వర్తమానంలో, ఈ ఏడు చేసింది భూతకాలంలో చెప్పాలన్నది పాఠం. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు అని వరుసగా చెప్పుకుంటూ పోయారు. ఆరో రోజు దగ్గర బండి ఆగింది. అలిగిన బతుకమ్మకు నైవేద్యం ఎందుకుండదో కారణం చెప్పమన్నారు టీచరమ్మ. పిల్లలు ఇంటికెళ్లి నాయినమ్మల్నీ అమ్మమ్మల్నీ అడిగొచ్చారు. ఒక్కో ఇంట్లో ఒక్కో కథ. మా అవ్వ చెప్పిందే నిజమని ఇంగ్లీషులో కొట్లాడుకున్నారు. వ్యాకరణం సగం తప్పు, కానీ ఎవరూ నోరు మూసుకొని కూర్చోలేదు.

నవంబరులో అమెరికా థాంక్స్‌గివింగ్ గురించి మాట్లాడుకున్నాం. అక్కడ అది నవంబరు నాలుగో గురువారం, కెనడాలోనేమో అక్టోబరు రెండో సోమవారం. అమెరికాలో ఉంటున్న మన సభ్యురాలి కూతురు వీడియో కాల్‌లోకి వచ్చి టర్కీ కోడి, గుమ్మడికాయ తీపి వంటకం గురించి చెప్పింది. మనవాళ్లు పెరుగు సద్ది, నువ్వుల సద్ది గురించి చెప్పారు. రెండూ పంట చేతికొచ్చే కాలంలో పదిమందీ కలిసి తినే పండుగలేనని తేల్చింది ఒక ఏడో తరగతి పిల్ల.

తిండి పాఠానికి సర్వపిండి సరిగ్గా అతికింది. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకు అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి కాల్చడం దాకా ఒక్కో మెట్టు ఆజ్ఞార్థకంలో చెప్పాలి. పల్లీలను లెక్కపెట్టగలం, పిండిని కొలవాలే గానీ లెక్కపెట్టలేం. ‘హౌ మెనీ’కి, ‘హౌ మచ్’కి తేడా అక్కడే పట్టుబడింది. వారం రోజులు ఎవరేం తిన్నారో రాయించి ‘ఆఫెన్’, ‘సమ్‌టైమ్స్’, ‘నెవర్’ అని విడగొట్టించారు. బిస్కెట్లూ చిప్సూ మొదటి వరుసలోకి, జొన్నరొట్టె మూడో వరుసలోకి చేరాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినా మన వంటిళ్లకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. “మా చిన్నతనంల మక్క గట్క, తైద అంబలి మీదనే బతికినం” అని ఒక తాతగారన్నారు. ‘యూజ్డ్ టు’ వాడి ఆ మాటనే ఇంగ్లీషులో చెప్పే పని ఆయన మనవడిది.

పరిసరాల పాఠం హాలు దాటి బయటికెళ్లింది. పూడికతీత కోసం భద్రకాళి చెరువు నీళ్లు వదిలారు కదా, పిల్లల్ని కట్ట మీదికి తీసుకెళ్లాం. గుర్రపు డెక్క ఎందుకు పెరుగుతుంది, మురుగు కలిస్తే ఏమవుతుంది, పూడిక తీస్తే ఎన్ని నీళ్లు నిలుస్తాయి? ‘ఇఫ్’ వాక్యాలకు అంతకంటే మంచి చోటు దొరకదు. దేశమంతటా 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషేధమని కూడా అప్పుడే చదివారు.

దాని ఫలితం మా మీదికే వచ్చింది. కాలనీ విందుల్లో ప్లాస్టిక్ గ్లాసులు ఎందుకని పిల్లలు కార్యవర్గానికి ఇంగ్లీషులో అర్జీ రాశారు. మేం తెలుగులో జవాబిస్తే తీసుకోలేదు, ఇంగ్లీషులోనే రాసిమ్మన్నారు. కోశాధికారి గారు రాత్రి కూర్చొని రాశారు, అందులో పిల్లలు రెండు తప్పులు దిద్దారు. చివరికి సంఘం డబ్బుతో స్టీలు పళ్లేలు, గ్లాసులు కొన్నాం.

మగవాళ్లు మాత్రం తక్కువే వచ్చారు. మార్చిలో పరీక్షల వల్ల తరగతి పలచబడింది. పరీక్ష పెట్టి సర్టిఫికెట్లు ఇవ్వాలని కొందరు సభ్యులు కోరారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. మార్కుల భయం మొదలైతే ఆరో రోజు బతుకమ్మ మీద కొట్లాట జరగదు.

2026 ఆరంభంలో మేడారం మహాజాతర ఉంది. బెల్లాన్ని బంగారమని ఎందుకు మొక్కుతారో, జంపన్న వాగులో ఏవి పారేయొద్దో బయటి రాష్ట్రాల వాళ్లకు చెప్పే ఒక పేజీ కరపత్రాన్ని ఇంగ్లీషులో మన తరగతే తయారు చేయాలని ప్రతిపాదన. ముద్రణ ఖర్చుకు సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలి.

స్టీలు పళ్లేలు ఏ సభ్యుడికైనా ఉచితంగానే ఇస్తాం. తోమి, లెక్క చూసి, మరునాడు సాయంత్రంలోగా హాల్లో అప్పగించాలి.

ఇట్లు,
ప్రధాన కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం, హన్మకొండ